నీలిరంగు, ఎర్రలైటు, భూమవ్వ కాలు

2022 వానాకాలం. లక్సెట్టిపేటలో పన్నెండు మంచాల చిన్న ప్రైవేటు దవాఖాన. నేను అందులో డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే పుండు కడిగి, మందు పెట్టి, కట్టు కట్టేటోడు. సర్కారు దవాఖానలో రిటైరైన తర్వాత ఇంట్లో ఊకె కూసునుడు నాతోని కాలేదు. డాక్టర్ శ్రావణి అని ఆదిలాబాద్ దిక్కు బిడ్డ, సర్జన్, కొత్తగా దవాఖాన తెరిచిందంటే పోయి పని అడిగిన. "ఖాజా చాచా, మీ చేతికి మంచి పేరున్నదట. రేపటి నుంచే రండి" అన్నది. అప్పటికి ఈ పనిలో నాకు నలభై ఏండ్లు నిండినై.

నేను పదో తరగతి తప్పినోణ్ని. ఆ తర్వాత చదివిందంతా సొంతంగా చదివిందే. డాక్టర్లు వద్దనుకున్న పాత పుస్తకాలు ఇంటికి తెచ్చుకొని, పక్కన డిక్షనరీ పెట్టుకొని, ఒక పేజీకి వారం పట్టినా వదలలేదు. అయినా "కాంపౌండరోడు, ఆయనకేం తెలుసు" అనే మాట ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు. ఈ పుండు లోపల చీము పట్టింది, కోయాలె అని నేను చెప్తే మూతి తిప్పినోళ్లు, తెల్లారి తెల్లకోటు అదే మాట చెప్తే చేతులు జోడించిన్రు. ఎవరెవరు, ఏ ఏడు, ఏ వార్డు, అన్నీ యాదికున్నయి. ఆ మంట నాకు ఇంకా చల్లారలేదు. ఈ కేసులో ఆ మంటే నన్ను దారి తప్పించింది కాబట్టి ముందే చెప్తున్న.

భూమవ్వ ఆ జులైలో వచ్చింది. యాభై ఎనిమిదేండ్లు. కరీంనగర్ దిక్కు నేతగాళ్ల ఊళ్లో నూలుకు రంగులేసే కార్ఖానలో ముప్పై ఏండ్లుగా పని. పవర్‌లూమ్‌లకు పోయే నూలు లడీలను, అంటే చుట్టలుగా కట్టిన నూలును, రంగు తొట్టిలో ముంచి తిప్పి తీస్తది. మగడు పోయిండు. బిడ్డ పద్మను లక్సెట్టిపేటలో ఇచ్చింది. పద్మ బీడీలు చేస్తది. నడవలేని స్థితి వచ్చేసరికి ఆ బిడ్డ ఇంటికి చేరింది.

కుడికాలు బొటనవేలు కింద, అరికాల్లో పుండు. రూపాయి బిళ్లంత వెడల్పు, లోతు దానికన్న ఎక్కువ. పక్క వేలు అప్పటికే నల్లబడ్డది. షుగరు వల్ల కాలికి స్పర్శ పోయింది. కార్ఖాన బండల మీద వట్టికాళ్లతో తిరుగుతుంటే తీగ ముక్క ఒకటి గుచ్చుకున్నది. రెండు రోజులు ఆమెకే తెల్వలేదట. అడుగులేసిన చోటల్లా నెత్తురు మరక కనపడితే అప్పుడు చూసుకున్నది. ఆ తర్వాత తొమ్మిది నెలలు. ఏమేం పెట్టిన్రని అడిగిన. పసుపు పెట్టిన్రట. బట్ట కాల్చిన బూడిద పెట్టిన్రట. ఎవడో చెప్తే పండ్లు తోముకునే పేస్టు కూడ రాసిన్రట. పండ్ల పేస్టు! ఆ సలహా ఇచ్చినోడు దొరికితే వాని నోట్లనే ఆ పేస్టు నింపుదును.

"పెద్ద దవాఖానకు పోలేదా?" అని అడిగిన.

"పోయినం. మూడు తీర్ల గోలీలు వాడినం, సూదులు ఏసుకున్నం. ఆఖరికి మోకాలు కిందికెల్లి తీసెయ్యాలన్నరు" అన్నది పద్మ.

"ఎంతసేపు చూసిన్రు?"

భూమవ్వ నవ్వింది. "నేను కూసున్న కుర్చీ సుత వేడెక్కలే భాయ్."

తర్వాత నవ్వు ఆపి డాక్టరమ్మ దిక్కు తిరిగింది. "బిడ్డా, నేను తొట్టి కాడ నిలవడాలె. నిలవడి వంగి చూస్తెనే రంగు తెలుస్తది. మా కార్ఖానల మెరూను నా చేతులనే కుదురుతది, కావాలంటె అడుగున్రి. కాలు పోతె నాకు పని పోతది. పనివోతె బిడ్డ మీద వడి తినాలె. పద్మ ఒద్దనదు. నాకే ముద్ద దిగది."

డాక్టర్ శ్రావణి ఎక్స్‌రే తీయించింది. ఎముకకు ఇంకా పాకలేదు. అప్పుడు నాకూ పద్మకూ కలిపి చెప్పింది. "ఇన్ని మందులు వాడినా పుండు ఎందుకు మానలేదంటే, దాంట్లో బయోఫిల్మ్ ఉన్నది. పండ్ల మీద పాచి పడుతది చూడు, నీళ్ల తొట్టి గోడకు జారుడుగా పడుతది చూడు, అదీ అదే. బ్యాక్టీరియా విడివిడిగా తిరిగితే మందుకు దొరుకుతయి. ఇట్ల గుంపుగా కూడి మీద జిగురు పొర కప్పుకుంటే మందు లోపలికి పోదు. తొట్టిలో నీళ్లు మార్చినంత మాత్రాన పాచి పోదు కదా."

పాచి తియ్యాలంటే మొదటి పని గీకుడే. డిబ్రైడ్‌మెంట్ అంటరు, చచ్చిన కండను, ఆ పొరను గీకి తీసుడు. అది డాక్టరమ్మ చేస్తది. కానీ గీకినా సందుల్లో మిగిలి, మళ్లా రెండు మూడు రోజుల్లో పొర కడుతది. దానికోసం ఆమె కొత్త పద్ధతి ఒకటి పట్టుకొచ్చింది. మెథిలీన్ బ్లూ అనే నీలిరంగును పుండు మీద పూస్తరు. అది బ్యాక్టీరియాకు, ఆ జిగురు పొరకు పట్టుకుంటది. దాని మీద ఎర్రలైటు పెడితే, రంగు ఆ వెలుగును మింగి, పక్కనున్న ఆక్సిజన్‌ను ఘాటుగా మారుస్తది. ఆ ఘాటుకు బ్యాక్టీరియా అక్కడికక్కడ చస్తయి. వెలుగు తగిలితేనే పనిచేసే ఇట్లాంటి రంగును ఫోటోసెన్సిటైజర్ అంటరు. రంగు ఒక్కటే అంత పని చెయ్యదు, వెలుగు ఒక్కటీ చెయ్యదు. లైటు యంత్రాన్ని ఆమెకు చదువు చెప్పిన సార్ దగ్గర అడిగి తెచ్చింది. ఇది ఇంకా కొత్తది, కుదురొచ్చు, కుదరకపోవచ్చు అని అంతా విప్పి చెప్పి, భూమవ్వ వేలిముద్ర తీసుకున్నది.

"రంగుతోనా? ముప్పై ఏండ్లు రంగుల మునిగిన, గది సాలలేదా?" అని భూమవ్వ నవ్వింది.

నాకు మాత్రం వింత అనిపించలేదు. నేను పనిలో చేరిన కాలంలో మా ట్రే నిండా రంగులే ఉండేవి. ఎర్రమందు మెర్క్యురోక్రోమ్, ఊదామందు జెన్షియన్ వయొలెట్, పసుపుపచ్చమందు ఆక్రిఫ్లేవిన్. పిల్లల మోకాళ్లు చూసి ఏ రోజు ఏ సీసా నిండుగా ఉండెనో చెప్పొచ్చు. ఆ రోజుల్లో మా సీనియర్ నేర్పింది ఒక్కటే: మందు గట్టిగా పెడితే గట్టిగా పనిచేస్తది. అది నా చేతికి అట్లనే ఉండిపోయింది.

డాక్టరమ్మ పద్ధతిని కాగితం మీద నాలుగు లైన్లు రాసి డ్రెస్సింగ్ గది గోడకు అంటించింది. పల్చగా కలపాలి. పూసి పది నిమిషాలు ఆగాలి. సెలైన్‌తో కడగాలి. అప్పుడు లైటు పెట్టాలి. మొదటి సిట్టింగ్ ఆమే చేసింది. ఆ రోజు నేను భూమవ్వ కాలు పట్టుకొని కూసున్న కానీ నా కండ్లన్నీ యంత్రం మీదనే, ఆమె చేతులు ఏం చేసినయో చూడలేదు. రెండో సిట్టింగ్‌కు ఆమె ఆపరేషన్‌లో ఉండి "చాచా, మీరు చేసేయండి" అన్నది. వారానికి రెండు చొప్పున వరుసగా ఆరు సిట్టింగ్‌లు నేనే చేసిన.

కాగితం చదివిన. చదివి, మూడో లైను దగ్గర ముక్కు విరిచిన. మందు పెట్టి కడుగుడేంది? పుస్తకం పిల్ల, రాసేటప్పుడు తప్పు రాసి ఉంటది అనుకున్న. అడిగితే అయిపోయేది. అడగలేదు. చెప్పినదాని కంటే చిక్కగా కలిపిన, పుండు నిండా పోసిన, కడగకుండనే లైటు పెట్టిన. కాలు నీలంగా నిగనిగలాడుతుంటే, పని అంటే ఇదీ అని నాలో నేనే మురిసిన.

మూడు వారాలు దాటినంక డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. వాసన అట్లనే ఉన్నది. అంచులు అట్లనే ఉన్నయి. స్వాబ్ తీసి పంపితే, అంటే పుండులో దూది పుల్ల తిప్పి ఏ క్రిములున్నయో చూడనీకి పంపితే, అవే క్రిములని వచ్చింది. పద్మను పక్కకు పిలిచి చెప్పింది. "సోమవారం దాకా చూద్దాం. అప్పటికీ మార్పు లేకుంటే కాలు తీసుడు గురించే ఆలోచించాలె. ఎముకకు పాకితే ప్రాణానికే ముప్పు." పద్మ కొంగు నోట్లో కుక్కుకున్నది. భూమవ్వకు వినపడలేదనుకున్నం. వినపడ్డది.

గురువారం నాడు నా చేతికి ఏడో సిట్టింగ్. భూమవ్వ కండ్లకు వెలుగు తగలకుండ నల్లద్దాలు పెట్టుకొని కూసున్నది. అద్దాలు పెట్టుకుంటే ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేది, ఆ రోజు సప్పుడు చెయ్యలేదు. నేను రంగు పోసి లైటు దగ్గరికి గుంజుతుంటే అద్దాలు నొసటి మీదికి ఎత్తింది.

"ఖాజా భాయ్, ఒక మాట అడుగుత. కోపం చెయ్యవు గద?"

"అడుగు భూమక్కా."

"గా రంగును జాడియ్యవా?"

"మందు పెట్టి ఎవలన్న కడుగుతరా? నువ్వు అన్నం తిని కక్కుతవా?"

"అన్నం సంగతి ఏమోగని, రంగు సంగతి నాకెరుకే" అన్నది. "మేం లడీ తొట్టిలకెల్లి తీసినంక మంచినీళ్లల్ల మూడుసార్లు జాడిస్తం. జాడియ్యకుంటె రంగు మీదమీద నిలవడ్తది. చూస్తందుకు మస్తు ముదురుగ కొడ్తది. లోపట నూలు తెల్లగనే ఉంటది. రంగు పట్టిందా లేదా జాడిచ్చిన నీళ్లే చెప్తయి. మీద నిలవడ్డది రంగు గాదు భాయ్, ముసుగు."

"ఇది నూలు కాదక్కా. కాలు."

"కాలే. నాదే గద."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నలభై ఏండ్ల నుంచి పుండ్లు చూస్తున్న నాకు, చదువు రాని రంగుల మనిషి పాఠం చెప్పుడా! ఆ క్షణంలో నా మూతి ఎట్ల తిరిగి ఉంటదో నాకు తెలుసు. అట్ల తిరిగిన మూతులను నేను జీవితమంతా చూసినోణ్నే.

"కోపమొచ్చింది గద" అన్నది. "సరె, మా కార్ఖాన రంగుల మాస్టర్ ఒక పని చేస్తుండె. రంగు ఎంత ముదురున్నదో చూస్తందుకు గాజు గిలాసల వోసి ఎండకు అడ్డం పట్టి చూస్తుండె. నీ దగ్గర లైటే ఉన్నది. రెండు గిలాసలు తే."

ఆమె మాట తప్పని చూపియ్యాలనే తెచ్చిన. ఒక గ్లాసులో నేను పూసేటంత చిక్కటి రంగు, ఇంకోదాంట్లో అదే రంగు బాగా సెలైన్ కలిపి పల్చగా. తలుపు మూసి, తెల్ల దుప్పటి అడ్డం కట్టి, చిక్కటి గ్లాసు వెనుక నుంచి ఎర్రలైటు పెట్టిన. దుప్పటి మీద ఏం పడలేదు. గ్లాసు ముందరికి ఒక్క చుక్క వెలుగు రాలేదు. ఇటు నుంచి అటు నుంచి తిప్పి చూసిన, లైటు చెడిపోయిందేమోనని నా అరచేతికి పట్టి చూసిన. వెలుగుతనే ఉన్నది. తర్వాత పల్చటి గ్లాసు పెట్టిన. దుప్పటి మీద ఎర్రటి మరక చక్కగా పడ్డది.

"అగో" అన్నది భూమవ్వ. అంతే.

నీలిరంగు ఎర్ర వెలుగును మింగుతదని డాక్టరమ్మ నా ముందరనే చెప్పింది. మీద నిలిచిన రంగే వెలుగునంతా మింగేస్తే కింద పొరకు పట్టిన రంగుకు మిగిలేదేంది? అందుకే కడగమన్నది. ఆరుసార్లు నేను పుండుకు లైటు పెట్టలేదు. రంగుకు పెట్టిన.

ఆ రోజు లైటు ఆపేసి, కాలు శుభ్రంగా కడిగి కట్టు కట్టి, నేరుగా డాక్టరమ్మ గదికి పోయిన. ఉన్నది ఉన్నట్టు చెప్పిన.

ఆమె రాస్తున్న చీటీ ఆపి తల ఎత్తింది. "చాచా, నేను కాగితం రాసి గోడకు అంటించిన" అన్నది.

"అంటించిన్రు మేడమ్."

"చదివిన్రా?"

"చదివిన. వినలే."

"ఎందుకు?"

"మీరు చిన్నపిల్లలని."

ఆమె చేతిలో పెన్ను టేబుల్ మీద పెట్టింది. "మూడు వారాలు పోయినై చాచా. మనవి కావు, ఆమెవి."

"నన్ను పనిలకెల్లి తీసెయ్యండి."

"తీసేస్తే తప్పు దిద్దేదెవరు? నేను కూడ ఒక్కసారి వచ్చి చూడలేదు, ఆ తప్పు నాది. ఇప్పుడు పోయి వాళ్లకు మీ నోటితో మీరే చెప్పండి. దాచేది లేదు."

అదే అన్నిటికన్న కష్టమైంది. వరండాలో బెంచీ మీద తల్లీబిడ్డలు కూసున్నరు. నిలబడి చెప్పిన. పద్మ దిగ్గున లేచింది. "మా అవ్వ కాలు నీకు ఆట అనుకున్నవా? పెద్దమనిషివని నిన్ను నమ్మితిమి! ఇయ్యాల అవ్వ అడుగకపోతే సోమవారం కోసేటోళ్లు గద!" అన్నది. ఒక్క మాట కూడ అబద్ధం లేదు. తల వంచుకొని నిలబడ్డ. భూమవ్వ బిడ్డ చెయ్యి పట్టి గుంజింది. "కూసో పద్మా. తప్పు చేసినోడు వచ్చి చెప్పుకుంటుండు. చెప్పనోళ్లనెంతమందిని చూడలే? ఏం భాయ్, రేపు రావాల్నా?"

"రావాలె అక్కా. డాక్టరమ్మ ముందట చేస్త."

తెల్లారి డాక్టరమ్మ మళ్లా గీకింది. నేను పల్చగా కలిపి పూసిన, గడియారం చూసి పది నిమిషాలు ఆగిన, సెలైన్‌తో కడిగిన. భూమవ్వ ముందుకు వంగి, కింద ట్రేలో పడే నీళ్లను చూస్తున్నది. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఇగ చాలు. తేటవడ్డది" అన్నది. డాక్టరమ్మ నా దిక్కు చూసి, ఆమె దిక్కు చూసి, లైటు దగ్గరికి జరిపింది. ఆ రోజు నుంచి ప్రతి సిట్టింగ్‌లో 'ఇగ చాలు' అనేది భూమవ్వనే.

సోమవారం గడువును డాక్టరమ్మ వాయిదా వేసింది. ఎక్స్‌రే మళ్లా తీయించింది, ఎముక ఇంకా శుభ్రంగానే ఉన్నది. సరిగ్గా చేసిన నాలుగో సిట్టింగ్ తర్వాత కట్టు విప్పితే వాసన లేదు. నేను ముక్కు దగ్గరికి పెట్టి మరీ చూసిన. ఇంకో వారానికి పుండు అడుగున దానిమ్మ గింజల తీరు ఎర్రటి కొత్త కండ లేచింది. దాన్ని గ్రాన్యులేషన్ అంటరు. డ్రెస్సర్‌కు అంతకన్న సంబురమైన ఎరుపు ఇంకోటి లేదు. పద్మను పిలిచి చూపిస్తే నాతో ఆ రోజు తర్వాత మొదటిసారి మాట్లాడింది: "మానుతున్నట్టేనా పెద్దయ్యా?"

ఒక వేలు మాత్రం పోయింది. బొటనవేలు పక్కది. ముందే చచ్చిపోయి ఉండె, ఎట్లయినా తీసేదే అన్నది డాక్టరమ్మ. ఆ మాట నిజమే కావొచ్చు. కానీ ఆ మూడు వారాలు వృథా కాకుంటే ఏమైతుండెనో అని ఇప్పటికీ అనుకుంట.

ఇది చదివి ఎర్రబల్బు కొనుక్కొచ్చి ఇంట్లో కాలికి పెట్టుకునేటోళ్లు తయారైతరు, నాకు తెలుసు. అందుకే గట్టిగా చెప్తున్న. భూమవ్వ కాలును నిలిపింది ఒక్క లైటే కాదు. చచ్చిన కండను సమయానికి తీసుడు, షుగరు అదుపులో పెట్టుడు, సరైన మందులు, పుండు మీద బరువు పడకుండ ప్రత్యేకమైన చెప్పు తొడిగి నెలల తరబడి ఆ కాలు నేల మీద మోపకుండ కాచుకునుడు, ఇవన్నీ కలిస్తేనే అయింది. ఆ ఆఖరుదాన్ని ఆఫ్‌లోడింగ్ అంటరు. అది రోగి చేసే పని, డాక్టర్‌ది కాదు. పద్మ తల్లిని ఒక్క అడుగు నడవనియ్యలేదు. బీడీల చాట పక్కకు పెట్టి లేచి ఎత్తుకొని తీసుకపోయేది.

దీపావళి దాటినంక పుండు పూర్తిగా మూసుకున్నది. ఆఖరి కట్టు విప్పిన రోజు, కాలు నా ఒళ్లో పెట్టుకొని కొత్త తోలు మీద మెల్లగా వేలితో రాస్తుంటే, అన్ని నెలల నుంచి అడగలేకపోయిన మాట అడిగిన.

"భూమక్కా, నిజం చెప్పు. నా మీద నీకు కోపం రాలేదా?"

ఆమె తన కాలును వేలితో తడిమి చూసుకున్నది. "ఎందుకు రాలే? ఆ రాత్రంత తిట్టుకున్న నిన్ను, మీ అయ్యను సుత కలిపి. తర్వాత అనుకున్న, తొలినాళ్లల్ల నేను ఎన్ని లడీలు ఖరాబు చేసిన్నో. గవి మాట్లాడయి పాపం. ఎట్ల ముంచితె అట్ల మునుగుతయి. నాకు నోరున్నది గద, ముందే ఎందుకడుగలే అని నా మీద నాకే కోపమొచ్చింది. మొదటి దినమే చూసిన నువ్వు జాడిస్తలేవని. దవాఖానోళ్లు, తెలిసినోళ్లు, మనమేం అడుగుతం అని ఊకున్న."

ఆమెకు తెలిసిన సంగతిని మూడు వారాలు నోట్లోనే ఆపింది మేమే. మా గది, మా ట్రే, మా తెల్లబట్టలు, నా మూతి.

భూమవ్వ మళ్లా కార్ఖానకు పోయింది. రబ్బరు బూట్లు లేకుండ తొట్టి దగ్గర అడుగు పెట్టనని డాక్టరమ్మ ముందర ఒట్టేసి పోయింది. నేను ఇంకా ఆ దవాఖానలోనే కట్లు కడుతున్న. ఇప్పుడు ఎవరు వచ్చినా కట్టు విప్పకముందు ఏం పని చేస్తరని అడుగుత. మందు పెట్టుకుంట ఏం చేస్తున్ననో, ఎందుకు చేస్తున్ననో బయటికి చెప్తుంట. చెప్పి, "ఇది నీకు సరిగ్గ కనవడ్తున్నదా?" అని అడుగుత. చాలామంది నవ్వి, మాకేం తెలుసు అంటరు. అయినా జవాబు వచ్చేదాకా చెయ్యి ఆపి కూసుంట.